ఖాళీ ఊళ్లో పొయ్యి

పోయిన నెల మా తమ్ముడు నన్ను కారెక్కించి దివిసీమంతా తిప్పుకొచ్చాడు. రిటైరైనప్పట్నుంచీ వాడికిదొక పిచ్చి పట్టుకుంది, మన చిన్నప్పటి చోట్లన్నీ మళ్లీ చూడాలట. వాడికేం గుర్తుందని చూడటానికి! అవనిగడ్డ దాటి, కోడూరు దాటి సముద్రం వైపు తిరిగాక రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల చెరువులే. చెరువుల్లో చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్లు చిమ్ముతున్నాయి. కరెంటు స్తంభాలు, మేత బస్తాలు దింపుతున్న లారీలు, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్న మనిషి. తమ్ముడు కారు పక్కకి ఆపి, "అక్కా, నేను పసివాడిగా ఉన్నప్పుడు మన బండి విరిగి చిక్కుకుపోయామే, ఆ చోటు ఇదేనా? అమ్మని ఎప్పుడడిగినా మాట మార్చేసేది" అన్నాడు. ఇదేనని నాకు తెలుసు. "ఏమోరా, అప్పుడిదంతా పర్ర. ఏది ఎక్కడుండేదో ఎవరికి తెలుసు" అని నేనూ మాట మార్చేశాను. ఇంటికొచ్చాక నిద్ర పడితే ఒట్టు. డెబ్బై దాటినదానివి, ఇంకా భయమేమిటే నీకు అని నన్ను నేనే తిట్టుకుని, మర్నాడు పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మేం బందర్లో ఉండేవాళ్లం. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. రెండు గదుల పెంకుటిల్లు, వెనక వసారాలో వంట. నాకూ తమ్ముడికీ మధ్య అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ఇద్దరూ దక్కలేదు. రెండోవాడు వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒక్క పూటలో పోయాడు. పొద్దున నా జడ పట్టుకు లాగినవాడు దీపాలు పెట్టే వేళకి లేడు. నీళ్ల వల్లే వచ్చిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిందట. అప్పట్నుంచీ మా అమ్మకి నీళ్లంటే భయం. తెల్లవారుతూనే కాఫీకన్నా ముందు పొయ్యి మీదికి ఇత్తడి గుండిగ ఎక్కేది. నీళ్లు తెర్లి తెర్లి కాగాలి. ఆ తర్వాత పాత పంచె గుడ్డలో వడగట్టి, కూజాలో పోసి, మూత పెట్టి, మూత మీద గ్లాసు బోర్లించేది. మా ఇంటి మంచినీళ్లకి ఎప్పుడూ పిడకల పొగ వాసన వచ్చేది. ఎవరింటికెళ్లినా మా నీళ్లు మా వెంటే. "కరుణమ్మగారు వాన నీళ్లు కూడా కాచుకునే తాగుతారు" అని వాడకట్టంతా నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనేది అమ్మ. తమ్ముడు పుట్టాక ఆ పట్టుదల ఇంకా ముదిరింది. వాణ్ణి కింద దింపేది కాదు, ఎవరినీ ముద్దుపెట్టుకోనిచ్చేది కాదు.

నాయనమ్మ దీనికి పూర్తిగా వ్యతిరేకం. చెరువు నీళ్లు తాగి పదిమందిని కన్నాను, నాకేమైందే అనేది. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. సంఘ పెద్ద తల్లి చుట్ట తాగడమేమిటని నాన్న మందలించేవాడు. అందుకని చుట్టా అగ్గిపెట్టే బొడ్లో సంచిలో దాచుకుని, దొడ్డి గోడ వెనక్కెళ్లి కానిచ్చుకునేది. లోపలికొచ్చాక ఆ వాసన పోవడానికి పుదీనా నమిలేది. ఆవిడ చిన్నప్పుడే వాళ్ల ఇల్లంతా బాప్తిస్మం తీసుకుంది. ఆదివారం పాటలు అందరికంటే గట్టిగా పాడేది. కానీ ఏదైనా ఆపద వస్తే ముందు ప్రభువునీ, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని పుట్టింటి వైపు అమ్మోరినీ తలుచుకునేది. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆ వేసవి సెలవుల్లో మేం సముద్రం ఒడ్డు పాలెంలో బడిపంతులుగా ఉన్న మావయ్య ఇంటికి బయల్దేరాం. అక్కడే ఉన్న అమ్మమ్మకి తమ్ముణ్ణి చూపించాలని అమ్మ పట్టుబట్టింది. పసివాణ్ణి ఎండలో తిప్పుతారా అని సణుగుతూనే నాయనమ్మా మూట కట్టుకుంది. బస్సులో అవనిగడ్డ చేరి, తెలిసినవాళ్లింట్లో పడుకుని, తెల్లారకుండానే పోతురాజు అనే అతని రెండెడ్ల బండి ఎక్కాం. కోడూరు దాటాక పోతురాజు, "పర్రలో అడ్డంపడి పోదామండీ మాస్టారు, ఎండాకాలం గట్టిగానే ఉంటదండీ" అన్నాడు. పర్ర అంటే చవిటి నేల. చెట్టుండదు, చేనుండదు. కనుచూపు మేరంతా ఉప్పు పొర తెల్లగా, దాని మీద అక్కడక్కడా ఎర్రటి చవిటి మొక్కలు. పచ్చటి వరిచేల పక్కనే అంత బోడి నేల ఉంటుందని బందర్లో పుట్టి పెరిగిన నేను అంతవరకూ ఎరగను. పొద్దెక్కేకొద్దీ దూరాన నీళ్లు కనబడేవి, దగ్గరికెళ్తే ఏమీ ఉండేది కాదు. "సముద్రం వచ్చేసింది నాన్నా" అని నేను అరిచినప్పుడల్లా నాన్న నవ్వి, "ఎండమావులమ్మా" అనేవాడు.

పైకి గట్టిగా ఉన్న చోటే అడుగున బురద. ఎడమ చక్రం ఒక్కసారిగా కుంగింది, ఎడ్లు బెదిరి లాగాయి, ఇరుసు ఫెళ్లున విరిగింది. మేమందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. దెబ్బలేం తగల్లేదు గానీ, బండి గుంజకి వేలాడదీసిన నీళ్ల కూజా నేల మీద పడి ముక్కలైంది. అమ్మ తమ్ముణ్ణి గుండెకి అదుముకుని ఆ తడి మచ్చ వంకే చూస్తోంది. మేం చూస్తుండగానే పర్ర ఆ నీళ్లని పీల్చేసింది. దూరాన తాటిచెట్లూ, వాటి కింద తాటాకు కప్పులూ కనబడుతున్నాయి. "అదుగో, ఏదో ఊరు. నీడన కూర్చోండి, ఎవరో ఒకరు మంచినీళ్లిస్తారు. మేం కోడూరెళ్లి ఇంకో బండి తెస్తాం" అని నాన్న, పోతురాజూ ఎడ్లని తోలుకుని వెనక్కి నడిచారు. ఈసారవి ఎండమావులు కావు, నిజం ఊరే. అంతదాకా సంతోషించాను.

ఊరు మొదట్లో రెండు రాటలకి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు కట్టి ఉంది. ఏదో పండగనుకుని కింద నుంచి దూరి వెళ్లాం. ఇసుకలో రెండు వరసల గుడిసెలు, మధ్యన బాట. "అమ్మా, ఎవరైనా ఉన్నారా?" అని నాయనమ్మ కేకేసింది. పలుకు లేదు. ఇంకో గుమ్మం దగ్గర కేకేసింది. అక్కడా లేదు. తలుపులన్నీ దగ్గరగా వేసి ఉన్నాయి, ఒక్కదానికీ తాళం లేదు. ప్రతి గుమ్మం ముందూ ఒక నీళ్లకుండ బోర్లించి ఉంది. కుక్క లేదు, కోడి లేదు, చివరికి కాకి కూడా లేదు. వలలు ఆరేసే కర్రలున్నాయి గానీ వలలు లేవు. ఒక తలుపు గాలికి తెరుచుకుని మళ్లీ కొట్టుకుంటోంది. నేను లోపలికి తొంగిచూశాను. వాసానికి కట్టిన పాతచీర ఉయ్యాల ఎవరో ఇప్పుడే ఊపి వెళ్లినట్టు మెల్లగా ఊగుతోంది. గాలికేనని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం పరుగెత్తుకొచ్చి అమ్మ కొంగు పట్టుకున్నాను. మళ్లీ వదిలితే ఒట్టు.

నాయనమ్మ ఒక పొయ్యి దగ్గర వంగి బూడిదలో చెయ్యి పెట్టింది. బూడిద తడిగా ఉంది. పొయ్యి ఆర్పలేదు, నీళ్లు పోసి చంపారు. పక్క పొయ్యీ అంతే. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని వెనక్కి జరిగింది. నాయనమ్మ భయపడగా నేనంతవరకూ చూడలేదు. "అమ్మాయ్, ఈ ఊళ్లో మహమ్మారి తిరిగింది. ఉన్నవాళ్లు వదిలేసి పోయారో, అసలు మిగల్లేదో. మనం ఇక్కడ ఉండకూడదు, పద" అంది. "ఎక్కడికి పోదాం అత్తయ్యా? ఆ ఎండలోకా?" అంది అమ్మ. బయట పర్ర మీద నిప్పులు చెరిగే ఎండ, ఇక్కడ ఎవరి ఊపిరీ లేని ఊరు. ఒక చూరు కింద ముగ్గురం ఒకరికొకరం ఆనుకుని కూర్చున్నాం. అమ్మ పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. నాయనమ్మ మొదట ప్రభువుని పిలిచింది, కాసేపటికి గొంతు తగ్గించి, "అమ్మా తల్లీ, మేం పరాయివాళ్లం, తెలియక వచ్చాం" అని ఇంకెవరినో బతిమాలడం మొదలుపెట్టింది. కనబడనివాళ్లు అక్కడున్నారని, వింటున్నారని దాంతో నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

తమ్ముడు పొద్దున తాగిన పాలు బండిలోనే కక్కేశాడు. అప్పట్నుంచీ రొమ్ము అందిస్తే రెండుసార్లు చప్పరించి వదిలేస్తున్నాడు. అమ్మకీ గొంతు తడారిపోయి పాలు రావటం లేదు. రెండుమార్లు నీళ్లలా విరేచనమైంది. మొదట ఏడ్చాడు, తర్వాత మూలిగాడు, తర్వాత అదీ మానేశాడు. వాడు ఏడుస్తుంటే చిరాకు పడే నేను, ఏడవరా, ఒక్కసారి ఏడవరా అని వాడి అరికాళ్లు గిల్లాను. ఊహూఁ. నాయనమ్మ వాడి నడినెత్తి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. మాడు గుంట పడింది. అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదివరకు ఒకసారి కళ్లారా చూసిందే అది. లేచి నిలబడి, తమ్ముణ్ణి నాయనమ్మ ఒళ్లో పడేసి, "నీళ్లు కావాలి" అంది.

గుడిసెల వెనక ఇసుకలో చెలమ ఉంది, మెట్టు దిగి ముంచుకునేంత లోతు. దాని నిండా తుమ్మకంప వేసి ఉంది. "కరుణా! కంప వేసిన బావి ముట్టుకోవద్దే! ఏదో లేకపోతే వెయ్యరు" అని నాయనమ్మ అరుస్తూనే ఉంది. అమ్మ ఒట్టి చేతులతో ఆ కంప లాగి అవతల పారేసింది. ముళ్లు గీరుకుని మోచేతుల దాకా నెత్తురు. మా మూటలోని చెంబుతో ముంచింది, వాసన చూసింది. ఉప్పు లేదు, తేటగా ఉన్నాయి. నేనైతే ఆ చెంబు లాక్కుని తాగేసేదాన్ని. "వీల్లేదు. కాచాలి" అంది అమ్మ. "పిల్లాడు పోతుంటే కాచడమేమిటే నీ మొహం!" అని నాయనమ్మ ఏడ్చింది. "పచ్చి నీళ్లు పోసే అత్తయ్యా రెండోవాణ్ణి పోగొట్టుకున్నాం" అంది అమ్మ. నాయనమ్మ బొడ్లో సంచి విప్పి అగ్గిపెట్టె తీసి ఇచ్చింది.

అమ్మ దగ్గరున్న గుమ్మం ముందు బోర్లించిన కుండని తిప్పింది. తడి బూడిద ఎత్తిపోసి, చూరు నుంచి ఎండు తాటాకు పీకి, ఆ పొయ్యిలోనే నిప్పు రాజేసింది. పొయ్యి తడి కదా, ముందు అంతా పొగే. దట్టమైన తెల్లటి పొగ గుడిసెల మీంచి లేచి తిన్నగా ఆకాశంలోకి పోయింది. నీళ్లు కాగేదాకా అమ్మ రెప్ప వెయ్యలేదు. తెర్లిన నీళ్లు కొంచెం చెంబులోకి వంచి, చల్లార్చి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా తమ్ముడి నోట్లో పోసింది. మొదటివి పెదవుల పక్కనించి కారిపోయాయి. తర్వాతవి గుటక పడ్డాయి. ఎంతసేపు పోసిందో నాకు తెలియదు. వాడు మొహం చిట్లించి, గొంతు సవరించుకుని, కెవ్వుమన్నాడు. అంత మంచి ఏడుపు నేను మళ్లీ వినలేదు. నాయనమ్మ గట్టిగా స్తోత్రం చెప్పింది, ఒక్క ప్రభువుకే.

అప్పుడే సముద్రం వైపు నుంచి వస్తున్నవాళ్లని నేను చూశాను. ఎండమావుల్లో నడుస్తున్నారు, నడుముల కింద ఏమీ కనబడటం లేదు. కాళ్లు లేని మనుషులు, గుంపుగా, మాటా పలుకూ లేకుండా మా వైపే వస్తున్నారు. నేను అమ్మ వెనక్కి దూరి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వాళ్లు ఊరి అటు చివరా కట్టిన వేపమండల తాడు అవతల ఆగి ఉన్నారు. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, మేకలు, కుక్కలు, నులకమంచాల మీద ఇద్దరు ముగ్గురు జబ్బు మనుషులు. ఒక్కరూ తాడు దాటటం లేదు. ముందున్న ముసలాయన అక్కణ్ణించే అడిగాడు. "ఎవురమ్మా మీరు? మనుసులేనా?"

మాకే అనుకున్నాను భయం. వాళ్లు మాకంటే ఎక్కువ భయపడుతున్నారు.

"మనుషులమే నాయనా, బందరువాళ్లం. బండి విరిగింది. పసివాడు పోయేట్టున్నాడని నీళ్లు కాచాం" అంది నాయనమ్మ. గుంపులోంచి ఒక మూలుగు లేచింది. ఒక ఆడమనిషి నేల మీద కూలబడి తల బాదుకుంది. ఒక కుర్రవాడు, "పొయ్యి ఎవురు ముట్టిచ్చమన్నారే మిమ్మల్ని!" అని మీదికి రాబోయాడు, ముసలాయన రెక్క పట్టి ఆపాడు. ఆయనే చెప్పాడు. ఊళ్లో రోగం వచ్చి పిల్లలు రాలిపోతుంటే, తెల్లారకముందే ఊరు అమ్మోరికి ఒప్పజెప్పి అందరూ సముద్రం ఒడ్డుకి వెళ్లిపోయారట. ఆ రోజంతా ఊళ్లో మనిషి అలికిడి ఉండకూడదు, పొయ్యి రాజకూడదు. అమ్మోరు ఇల్లిల్లూ తిరిగి, నిప్పూ నీళ్లూ దొరక్క, పొద్దు గూకేసరికి ఊరొదిలి పోతుంది. "పొగ లేచేసరికి అమ్మోరే పొయ్యి ముట్టిచ్చుకుందనుకున్నామమ్మా. ఇక ఊరు మాకు లేదనుకున్నాం" అన్నాడు. ఆయనకి కోపం లేదు, అలసట ఉంది. "బిడ్డ బతికాడా?" అని అడిగాడు. బతికాడంది అమ్మ. "సర్లే. తెలీక చేశారు. మేం రేపు మళ్లా ఊరు ఇడవాల" అన్నాడు. ఆ మాటకి జబ్బువాళ్లని మోసుకొచ్చిన మగవాళ్లు మంచాలు వెనక్కి తిప్పుకున్నారు. ఒడ్డున ఇసుకలో నీడ లేదు. ఆ రాత్రి అక్కడే, మర్నాడంతా అక్కడే.

గుంపులో ఒక పడుచు కదల్లేదు. ఆమె భుజాన తమ్ముడంతే ఉన్న బిడ్డ, మెడ వాల్చేసి ఉంది. ఆమె మా అమ్మనీ, ఒళ్లో ఏడుస్తున్న మావాణ్ణీ చూస్తోంది. అమ్మకి అర్థమైంది. కుండలో మిగిలిన నీళ్లు రెండు చేతులా పట్టుకుని తాడు దాకా పరుగెత్తింది. "ఇవి కాచిన నీళ్లమ్మా, పట్టు. కొంచెం కొంచెంగా పట్టు, తేరుకుంటుంది. నా మాట విను" అని బతిమాలింది. ఆ పడుచు చెయ్యి చాపింది, వేళ్లు కుండని తాకాయి కూడా. వెనకనించి ఆమె అత్తగారనుకుంటాను, "వొద్దే! ఆ నిప్పు మీద కాగినయ్యే! ఊరంతటికీ చేటు!" అని చెయ్యి పట్టి లాగేసింది. ఆమె వెళ్తూ వెళ్తూ తల తిప్పి కుండ వంకే చూసింది. వాళ్లు ఎండమావుల్లో కలిసిపోయేదాకా అమ్మ కుండ ఎత్తిపట్టుకుని అలాగే నిలబడింది. మేం తాడు బయటికొచ్చి విరిగిన బండి కిందే కూర్చున్నాం. పొద్దు వాలే వేళకి నాన్న ఇంకో బండితో వచ్చాడు.

ఇప్పుడు తమ్ముడి కారులో సీటు పక్కనే నీళ్ల సీసాలు దొర్లుతుంటాయి. సగం తాగి పారేస్తాం. దారి తప్పితే ఫోను చెబుతుంది, బండి ఆగితే ఇంకో బండి వస్తుంది. పసివాడికి విరేచనాలైతే మూల కొట్లో కూడా పొడి పొట్లం ఇస్తారు, నీళ్లలో కలిపి పట్టమని. ఆ రోజు ఆ పర్రలో రెండు భయాలు ఎదురుబొదురుగా నిలబడ్డాయి. అమ్మ భయానికి అమ్మ నియమం, వాళ్ల భయానికి వాళ్ల నియమం. మా నియమం మా వాణ్ణి బతికించింది కాబట్టి అదే ఒప్పని ఇంత చదువుకున్న నేను తేలిగ్గా రాసేయగలను. ఆ తల్లి చెయ్యి గుర్తొస్తే మాత్రం రాయలేను.

సెలవులయ్యాక అదే దారిన తిరిగొచ్చాం. ఈసారి పోతురాజు గట్టి నేల చూసి ఊరి పక్కనించే తోలాడు. వేపమండల తాడు లేదు. గుమ్మాల ముందు వలలు ఆరేసి ఉన్నాయి, కుక్కలు బండి వెంటపడి మొరిగాయి, కప్పుల మీంచి వంట పొగలు లేస్తున్నాయి. చెలమ దగ్గర ఆడవాళ్లు నీళ్లు ముంచుకుంటున్నారు. ఎండుచేపల వాసనకి నాకు కడుపులో ఆకలి కదిలింది. నాయనమ్మ, "బండాపు పోతురాజూ. ఆ పిల్లతల్లి కనబడుతుందేమో, బిడ్డెలా ఉందో ఓ మాట అడిగొస్తాను" అని దిగబోయింది. పోతురాజు పగ్గాలు బిగించాడు. మా అమ్మ తమ్ముణ్ణి కొంగులో పూర్తిగా కప్పేసుకుని, నాయనమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. మనుషుల్లేని ఊళ్లో కూడా ఆమె మొహంలో అంత భయం నేను చూడలేదు.

"వద్దత్తయ్యా" అంది. "అడిగితే చెబుతారు."